తడి తువ్వాల్లో పోర్చుగల్ సీసా

మా మేనమామ పోయారు. ముమ్మిడివరం నుంచి అత్తయ్య ఫోన్ చేసి ఆ మాట చెప్పగానే ఏడుపొచ్చింది. వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చి విసుగూ వచ్చింది. పెద్దకార్యం నాడు పోయినవారికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టడం మా ఇళ్లలో ఆచారం. ఈయనకి ఇష్టమైనది పోర్చుగల్ తెల్ల వైను. దాన్ని కోనసీమలో ఎక్కడని వెతకను చెప్పండి?

గల్ఫ్‌లో ఓ హోటల్లో వడ్డన పని చేసి, ఆ రుచి అంటించుకుని వచ్చారు. మామూలు రోజున చేపల పులుసుతో ఓ గ్లాసు. పండగైతే నురగొచ్చే స్పెయిన్‌ది. "షాంపేన్ కొనేవాడు పేరు కొంటాడ్రా, నేను నురగ కొంటాను" అనేవారు. ఖరీదైనది తెస్తే తిట్టేవారు. "సీసా రేటు కాదురా, పక్కన కూరేంటో చూడు." విస్కీ తెస్తే ముట్టుకునేవారే కాదు.

మన వైన్ షాపుల్లో వైను తప్ప అన్నీ ఉంటాయి కదా. అందుకని నాచేత బండి తీయించి యానాం బయల్దేరేవారు. ఓసారి ఒక షాపాయన ఎర్రటి సీసా చూపించి, "తియ్యగా ఉంటుందండీ, ఆడవాళ్లు కూడా తాగొచ్చండీ" అన్నాడు. మావయ్య మొహం మాడ్చుకుని, ఎండ పడుతున్న అద్దాల అర వైపు వేలు చూపించారు.

"ఎండలో పెట్టేసేరేంటండీ! వైను కొబ్బరికాయా, ఎండబెట్టడానికి?"

మళ్లీ ఖాళీ చేతులతో ఇంటికి. ఎన్నిసార్లని!

దొరికిన రోజు ఇంకో గొడవ. ఫ్రిజ్‌లో పెడితే రుచి చచ్చిపోతుందట. సీసాకి తడి తువ్వాలు చుట్టి, దొడ్లో కొబ్బరిచెట్ల మధ్య గాలికి వేలాడదీసేవారు. అది చల్లబడేదాకా ఎవరూ అన్నం ముట్టకూడదు. "పులుసు చల్లారిపోతోందండీ, సీసాకి పూజ అయ్యిందా?" అని అత్తయ్య విసుక్కునేది. నిజంగా ఆ మనిషితో వేగలేకపోయేవాళ్లం. అయినా ఆ గ్లాసు పక్కన తిన్న పులుసు రుచి నాకు మరెక్కడా దొరకలేదు. ఆ మాటే ఆయనతో అంటే, "ఆయ్, మరి!" అన్నారు.

పెద్దకార్యం ముందురోజు యానాం అంతా తిరిగాను. ఆఖరి షాపు వెనక చీకటి గదిలో, దుమ్ము కొట్టుకుపోయి ఒక్క సీసా దొరికింది. తెచ్చి అత్తయ్య చేతిలో పెట్టాను.

మర్నాడు విస్తరి వేశారు, పులుసు వడ్డించారు. సీసా మాత్రం కనబడలేదు. మావయ్య తమ్ముడు చిరాకుపడ్డాడు.

"ఏదోటి పెట్టేద్దాం వదినా. ఇంట్లో బ్రాందీ ఉందిగా, అన్నీ ఒకటే."

"మీ అన్నయ్య అది ముట్టుకోరయ్యా" అంటూ అత్తయ్య దొడ్లోకి నడిచింది. అందరం వెనకే వెళ్లి చూశాం. కొబ్బరిచెట్ల మధ్య, తడి తువ్వాలు చుట్టుకుని సీసా వేలాడుతోంది. తువ్వాలు కింద చెయ్యి పెట్టి చూసి, అత్తయ్య అందరి వైపూ తిరిగింది.

"ఇంకా చల్లబడలేదండీ. కాసేపు ఆగండి."

పులుసు చల్లారిపోతోంది. చుట్టాలందరం మళ్లీ వచ్చి విస్తరి ముందు కూర్చున్నాం. దొడ్లో తువ్వాలు అంచు నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా ఇసకలోకి కారుతున్నాయి.