ఫ్లెక్సీలో లేని ఖాలా

గల్లీ అంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటి ముసలామె పోయిందని శుక్రవారం పొద్దున అమ్మ ఫోన్ చేసింది. నేను గద్వాలలో బస్సెక్కి వనపర్తిలో మా గల్లీకి చేరేసరికే ఆమెను ఖబరస్తాన్‌కు తీసుకుపోయారు. గల్లీ మొదట్లో మాత్రం ఒక ఫ్లెక్సీ వెలిసింది. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందే తలుచుకుంటే నోరు చేదై ఖాలా గురించి సరిగ్గా చెప్పలేను.

నా చిన్నప్పుడు ఆదివారం మధ్యాహ్నం సగం గల్లీ ఖాలా ఇంట్లో టీవీ ముందే ఉండేది. ఆమెకు పాటల సినిమాలు పట్టవు. తెలుగులోకి డబ్బింగ్ అయిన ఇంగ్లిష్ సినిమాలు కావాలి, అందులోనూ రాబోయే కాలంలో దుర్మార్గపు సర్కారు ఏలే కథలు. ఊరి చుట్టూ గోడ, గోడ మీద తుపాకులు, మనిషికి ఇన్నని కొలిచి పోసే నీళ్లు, వీధి వీధికీ పాలకుడి బొమ్మ. చివరికి దిక్కూ మొక్కూ లేని ఎవరో ఒకరు ఎదురు తిరుగుతారు. పాలకుడు తెర మీదికి రాగానే ఖాలా పాన్ నమలడం ఆపి, పక్కనున్న ఇత్తడి పీక్దాన్‌లో తుపుక్కున ఉమ్మేది. పిల్లలం దానికోసమే కాచుకుని కూర్చునేవాళ్లం.

ఆమె పుట్టిల్లు పెబ్బేరు. తండ్రి అక్కడి సంతలో ఎడ్ల బేరాలు చేసేవాడు. “సంతల ఎద్దును కొంటే నోరు తెరిచి పళ్లు చూస్తరు బిడ్డా. వీన్ని ఏం చూసి కుర్సీ మీద కూసోబెట్టిన్రు?” అని తెరను చూపించి అడిగేది. గోడల నిండా తన ముఖమే పెట్టుకున్నవాడికి కడుపులో ఏదో భయం ఉంటుందని కూడా అనేది.

మేమంతా గెలుపు కోసం ఊపిరి బిగబట్టి చూస్తుంటే ఆమె లేచి వంటింట్లోకి పోయేది. ఎందుకని ఒకసారి అడిగాను.

“కోట కూలుతది, అందరు చప్పట్లు కొడ్తరు. తెల్లారి నల్లా ఎవలు ఇప్పుతరో గది మాత్రం చూపియ్యరు” అంది.

రెండేళ్ల కింద ఎండాకాలంలో మా గల్లీ నల్లా నిజంగానే ఎండిపోయింది. వెనక వీధిలో మా వార్డు నాయకుడు ఫంక్షన్ హాలు కట్టాడు, మా పైపు అటు తిరిగింది. ఈ సంగతి అందరికీ తెలుసు. ఖాలా ఇంట్లో తిరుగుబాటుదారుల కోసం ఈలలు వేసిన మొనగాళ్లే, ఆ నాయకుడు ఎదురైతే చేతులు జోడించి ఇకిలించారు. ఆ ఇకిలింపులు తలుచుకుంటే ఇప్పటికీ కంపరం పుడుతుంది.

ఖాలా ఖాళీ ఇత్తడి బిందె చంకన పెట్టుకుని నీళ్ల ఆఫీసుకు నడిచింది. అధికారి బల్ల మీద బిందె పెట్టి ఎదురుగా కూర్చుంది. అది తీయమని ఆయన కసిరాడు.

“నిండినంక తీస్త సారూ” అంది.

మర్నాడూ పోయింది, ఆ మర్నాడూ పోయింది. నాయకుడి మనుషులు ఇంటికొచ్చి ఈ వయసులో నీకెందుకని బెదిరించారు. ఆమె ఫంక్షన్ హాలు గేటు ముందు కూర్చుంటే నాయకుడి కారు అద్దాలు ఎత్తుకుని పోయింది. తర్వాత అమ్మ ఒక బిందె తీసుకుని ఆమె వెంట నడిచింది. అమ్మను చూసి మిగతా ఆడవాళ్లు కదిలారు. కాగితాలు పెట్టుకునే చోటు కూడా లేకుండా ఆఫీసు బల్లలన్నీ బిందెలతో నిండిపోయాక పైపు మళ్లీ మా వైపు తిరిగింది.

అప్పుడొచ్చాడు నాయకుడు. నల్లాకు రిబ్బన్ కట్టించి కత్తిరించాడు, కొబ్బరికాయ కొట్టాడు, ఫొటోలు దిగాడు. ఆ సాయంత్రం ఖాలా టీవీ పెట్టకుండానే పీక్దాన్‌లో ఉమ్మింది.

ఇక ఆ ఫ్లెక్సీ. నిలువెత్తు నాయకుడు, జోడించిన చేతులు, బయటపెట్టిన పళ్లు. మూలన అన్నం పళ్లెమంత గుండ్రటి బొమ్మలో తలమీద కొంగు కప్పుకున్న ఒక ముసలామె. కింద ‘నా నీటి పోరాటానికి స్ఫూర్తినిచ్చిన తల్లికి కన్నీటి నివాళి’ అని రాయించాడు. ఆ ముసలామె మా ఖాలా కాదు.

ఖాలా తనను ఫొటో తీయనిచ్చేది కాదు. నాయకుడి మనుషులు ఎక్కడో దొరికిన ఎవరి బొమ్మనో అతికించారు. అన్ని రోజులు వాళ్ల కళ్లెదుటే కూర్చున్న మనిషి ముఖాన్ని ఒక్కడూ చూడలేదన్నమాట. ముసలితనం, తలమీద కొంగు, అంతే సరిపోయింది వాళ్లకు. ఆమెను బతికుండగా బెదిరించినందుకు కోపం వచ్చింది. చచ్చాక ఇలా వాడుకుంటే ఒళ్లంతా రోత పుట్టింది. సినిమాల్లో సర్కార్లు కూడా ఇంత సిగ్గుమాలి ఉండవు.

చింపేద్దామని దాన్ని కిందికి లాగాను. అమ్మ ఆగమని చెప్పి ఇంట్లోంచి కత్తెర తెచ్చింది.

“ఎవరి తల్లో ఏమో. ఆమెను కాళ్ల కింద ఎందుకేస్తం?”

ఆ తెలియని ముసలామె ముఖాన్ని గుండ్రంగా కత్తిరించి, తుడిచి, లోపల గూట్లో పెట్టింది. మిగిలింది నల్లా దగ్గర బురదలో పరిచాం, జారకుండా నిలబడడానికి.

మర్నాడు పొద్దున నీళ్లొచ్చాయి. ఆడవాళ్లు నాయకుడి పళ్ల మీద బిందెలు వరసగా పెట్టారు. ముసలామె ముఖం కత్తిరించిన చోట, నల్లా కింద సరిగ్గా ఒక బిందె పట్టేంత రంధ్రం మిగిలింది. అందులో అందరికంటే ముందు ఖాలా సొట్ట బిందె పెట్టారు. అది నిండింది. దాన్ని తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. నీళ్లు పొంగి, ఆ జోడించిన చేతుల మీదుగా మోరీలోకి పోతున్నాయి.