నిమ్మచెక్క తిన్న మొహం

మీ వీధి అమ్మవారి మొహం మీద కన్నీటి చార కనిపిస్తే, మీరు ముందుగా ఎవరి ఇంటివైపు చూస్తారు?

డెబ్బైల్లో మా తిరువూరు వీధి ఎటు చూసిందో నేను మరిచిపోలేదు. వీధి చివర చిన్న గద్దె మీద అమ్మవారి రాయి ఉండేది. ముందుతరం వాళ్లెవరో జగ్గయ్యపేట వైపు నుంచి బండి మీద తెచ్చిన సున్నపురాయి అది. పాత పసుపు, నూనె జిడ్డు వదలాలని శుక్రవారం శుక్రవారం ఆడవాళ్లు ఆ మొహాన్ని నిమ్మచెక్కతో రుద్దేవారు. రానురాను ముక్కు చదునైంది. పెదవులు పోయాయి. కళ్ల గుంటలు మాత్రం లోతై, వాటి కింద తెల్లని చారలు కట్టాయి. సాయంత్రం ఆ దారిన వస్తుంటే, మొహం లేని ఆ మొహం నా వెనకే తిరుగుతున్నట్టుండేది. దేవుడు లేడని వాదించే నేనూ నడక వేగం పెంచేవాణ్ణి.

గద్దెకు ఎదురింట్లో విస్తళ్లు కుట్టుకుని బతికే ఒంటరి ఆడమనిషి ఉండేది. పిన్నీ అని పిలిచేవాణ్ణి. ఆమె చూపు తగిలే అమ్మ కరిగిపోతోందని వీధి తేల్చింది. దిష్టి పోతుందని అదే నిమ్మచెక్కతో ఇక రోజూ రుద్దసాగారు. మొహం ఇంకా త్వరగా కరిగింది. ఇల్లు ఖాళీ చేయమని పిన్నికి పెద్దలు కబురు పెట్టారు.

ఒక ఉదయం వీధివాళ్లందరినీ గద్దె దగ్గరికి పిలిచాను. వాన నీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కాస్త పులుపెక్కుతుందని, ఆ పులుపు సున్నపురాయిని ఏళ్ల తరబడి కరిగిస్తుందని, నిమ్మరసం అదే పనిని తొందరగా చేస్తుందని చెప్పాను. కరిగిన సున్నమే ఆరి చారలు కట్టిందన్నాను. గద్దె వెనక రాలిపడిన అదే రాయి పెచ్చు మీద నిమ్మకాయ పిండాను. బుడగలు లేచాయి. అందరూ దగ్గరికి వంగారు. రాయి సన్నగా సుయ్‌మంది.

వీధి పెద్ద వెనక్కి జరిగాడు. "విన్నారుగా, అమ్మ బుసకొడుతోంది."

"బాబాయ్, మరి ఈ పెచ్చుకి ఎవరి దిష్టి తగిలింది?" అన్నాను.

"నీదేరా. ఇందాకట్నుంచి గుడ్లప్పగించి చూస్తున్నది నువ్వేగా."

కొందరు నవ్వారు. గుమ్మంలో నిలబడ్డ పిన్ని నవ్వలేదు.

"వదిలెయ్ నాయనా," అంది. "రాయే నోరు తెరిచి చెప్పింది. వినలేదుగా."

ఆ వారంలోనే ఆమె ఆకుల కట్ట నెత్తిన పెట్టుకుని బెజవాడ బస్సెక్కింది. ఎదురింట్లో ఇక చూసే కళ్లు లేవు. అయినా రుద్దడం ఆగలేదు, కరగడమూ ఆగలేదు. చివరికి మిగిలిన నున్నటి తెల్లబండ ఆ తాళం వేసిన తలుపు వైపే తిరిగి ఉండేది, తర్వాత ఎవరిని పంపాలా అని ఆలోచిస్తున్నట్టు.

ఈ శుక్రవారం మీ వీధిలో రుద్దే చేతిని పట్టుకుని ఆపండి. ఆ తర్వాత ఎదురింటి తలుపు తట్టి, ఇల్లు వదలొద్దని ఆమెతో చెప్పండి.