బుకోవ్కా గుట్ట మీద సముద్రం

“సముద్రం ఎక్కడుంది బాబాయ్? చూపించు, ఇప్పుడే చూపించు!”

“కుడిపక్క. పొగమంచు కాస్త కదలనీ.”

“మన చెక్ దేశానికి సముద్రమే లేదు! ఒకటో తరగతి పిల్లాణ్ణడిగినా చెబుతాడు.”

“లేదు కాబట్టే చూపిస్తున్నానమ్మాయ్. ఉంటే జనమే పోయి చూసుకుంటారు.”

గుట్ట మీద చుట్టూ చూడ్డానికి కట్టిన చెక్క గోపురం మెట్లు సగం ఎక్కిన రాదిమ్ అక్కడే ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. దేశం చూడవచ్చేవాళ్ళ కోసం వేస్తున్న పుస్తకానికి ముందుమాట రాయడం అతని పని. కోటలు, బీరు, వేడినీటి బుగ్గలు అన్నీ రాసేశాడు. చదివితే తనకే నిద్రొచ్చింది. కొత్తదేమైనా దొరుకుతుందేమోనని ఇలా ఎక్కొచ్చాడు.

పైకెళ్ళి, ఆ దేశంలో అందరూ పలకరించుకునే మాటే, “అహోయ్” అని, తను ఏ పుస్తకం పని మీద వచ్చాడో చెప్పాడు. పోట్లాడుకుంటున్న ఇద్దరూ ఆగి “అహోయ్” అని, మళ్ళీ మొదలెట్టారు. ఒకావిడ ఊరి మేయరు ష్టెపాంకా. రెండో ఆయన గోపురం కాపలాదారు లుబోర్ దుబ్స్కీ. వాళ్ళ మధ్య గోడకి ఒక బోర్డు: ‘ఇక్కణ్ణించి కనిపించేవి: క్రకొనోషె కొండలు, ప్రాగ్, బ్రనో, సముద్రం.’

నిజానికి అక్కణ్ణించి ఏదీ కనిపించదు. గుట్టని పొగమంచు వదలదు. అయినా లుబోర్ ఎవర్నీ ఉత్త చేతులతో పంపడు. బాగా తెల్లగా ఉన్న వైపు కొండలంటాడు, బూడిదరంగు తిరిగితే ప్రాగ్ అంటాడు, ఏ కాస్త పసుపు కనబడ్డా బ్రనో పక్కనున్న మొరావియా ద్రాక్షతోటలంటాడు. జనం తలలూపి ఫొటోలు తీసుకుంటారు.

కుర్రతనంలో ఓడలో పనికి పోతానని ఇల్లు వదిలినవాడు లుబోర్. వల్తావా నదిలో తొక్కుడు పడవ ఎక్కగానే కడుపులో తిప్పి, సాయంత్రం బండికే తిరిగొచ్చాడు. ఆపైన బతుకంతా బంగాళదుంపల గిడ్డంగిలోనే. పింఛనొచ్చాక ఇంట్లో కూర్చుని దుంపల కబుర్లే చెబుతుంటే, “ఎక్కడన్నా ఎత్తుమీద కూర్చో, పో” అంది పెళ్ళాం. వచ్చి కూర్చున్నాడు.

“పార్దుబిత్సె ఊరివాళ్ళు ఈతగుడ్డలేసుకుని వచ్చారు బాబాయ్! నీళ్ళలో తేలే, గాలి ఊదిన రబ్బరు బాతు కూడా తెచ్చారు. అది మెట్ల మలుపులో ఇరుక్కుంటే ఫైరింజన్ని పిలిచాను!”

“బాతుకేం కాలేదుగా?”

“బోర్డు మీద సముద్రం కొట్టేస్తావా, గోపురం తాళంచెవి ఇచ్చేస్తావా?”

లుబోర్ చెయ్యి జేబులో తాళంచెవిని పట్టుకుంది. అది పోతే కింద ఇంట్లో మళ్ళీ దుంపల కబుర్లే. రాదిమ్ వైపు తిరిగాడు.

“నువ్వు చెప్పు బాబూ. అహోయ్ ఓడవాళ్ళ పలకరింపు. సముద్రం లేకపోతే దేశమంతా పొద్దున లేచి ఎవర్ని పిలుస్తున్నట్టు?”

“అది అలవాటు!” అంది మేయరు.

“సముద్రమూ అంతే.”

అప్పుడే కింద తెలుపులోంచి ఎవరో గట్టిగా కేకేశారు: “అహోయ్!”

ష్టెపాంకా కటకటాల మీదికి వంగి గొంతెత్తి “అహోయ్!” అనేసింది. అన్నాక నాలిక్కరుచుకుంది.

“ఎవర్ని పిలిచావమ్మాయ్?”

“పుట్టగొడుగులేరుకునేవాళ్ళయి ఉంటారు.”

“కనబడ్డారా?”

“లేదు.”

“పాపం తీరం ఎటో చెప్పు, తిరుగుతున్నారు.”

మేయరు కదా, చెప్పక తప్పలేదు. “కుడికి రండి! అక్కడ రాళ్ళున్నాయి, జాగ్రత్త!” అని గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. చాలాసేపటికి కిందనుంచి థాంక్స్ వినబడింది. మనుషులు మాత్రం కనబడలేదు.

ఆవిడ కండువా సర్దుకుని మెట్ల దగ్గర ఆగింది. “ఈ అబ్బాయి పుస్తకంలో పడితే నీ సముద్రం ఉంటుంది. పడకపోతే రంగుడబ్బాతో నేనే వస్తా,” అని దిగిపోయింది.

రాదిమ్ కుడిపక్కకి చూస్తూ నిలబడ్డాడు. తెలుపు మెల్లగా లేచి, గోపురం కాళ్ళకి తగిలి, వెనక్కి జారుతోంది. లుబోర్ వచ్చి పక్కన నిలబడి, రెండు చేతులతో కటకటాలు గట్టిగా పట్టుకున్నాడు. మొహం కొంచెం పాలిపోయింది.

“సముద్రమని రాస్తావో పొగమంచని రాస్తావో నీ ఇష్టం బాబూ,” అన్నాడు. “కానీ పక్కన ఒక్క ముక్క తప్పకుండా వెయ్యి. ఈతకి దిగకూడదని.”