స్తంభం మీద తేదీ

నాకు అనుమానం ఎక్కువ. కుక్కర్‌కి ఎన్ని విజిల్స్ వచ్చాయో మా ఆవిడ చెప్పినా మళ్లీ అడుగుతాను. పాత కట్టడాలు నిలుస్తాయో లేదో చూసి చెప్పే ఉద్యోగం మరి. అలాంటి నేను అనకాపల్లిలో ఒక బెల్లం గొడౌన్ దగ్గర పప్పులో కాలేశాను.

మేడ మీద కప్పు దాకా బెల్లం దిమ్మలు. వాటిని మోసే కళాసీలు పదిమంది, మధ్యాహ్నం కిందే కూర్చుని అన్నాలు తినేవారు. ఆ మేడ బరువంతా మోసే మధ్య స్తంభానికి ఛాతీ ఎత్తులో ఒక బీట. లోపల ఎంత ఇనుము వేశారో కట్టిన మేస్త్రీకే తెలియాలి, ఆయన పోయి చాలాకాలమైంది. ప్లాను కాగితాలూ లేవు. షావుకారు మాత్రం, "ఉంటాదా, ఉండదా? ఒక్క ముక్క సెప్పండి సార్" అనేవాడు. ఒక్క ముక్కలో చెప్పగలిగితే నేను జాతకాలే చెప్పుకునేవాణ్ణి.

శ్రావణంలో ఆ బీట మీద అడ్డంగా పల్చటి గాజుముక్క అతికించాను. స్తంభం ఏమాత్రం కదిలినా అది పగులుతుంది. పక్కనే స్తంభం మీద పెన్సిల్‌తో తేదీ వేశాను. నెలకోసారి వెళ్లి చూశాను. ప్రతిసారీ గాజు చెక్కుచెదరకుండా ఉంది. మూడోసారి చూసి వచ్చాక, "కదలిక లేదు, వాడుకోవచ్చు" అని రాసి సంతకం పెట్టాను.

ఆ కాగితం ఇవ్వడానికి వెళ్లిన రోజు గొడౌన్ అంతా మడ్డీ దుమ్మూ, గాజు మాత్రం తళతళలాడుతోంది. రోజూ అక్కడ దీపం పెట్టేది షావుకారు తల్లి. దీన్ని మీరే తుడుస్తున్నారా అని ఆవిణ్ణి అడిగాను.

"తుడవడం ఏటి బాబూ, మార్సేను. పగిలిన అద్దం కొట్లో ఉంటే లచ్చిందేవి నిలవదు. పటాలు కట్టే సోట కొలత పెట్టి కోయించి, మీలాగే అతికించేను."

"ఎన్నిసార్లమ్మా?"

ఆవిడ వేళ్లు మడిచింది. "వినాయకచవితికి ఒకటి. దసరాకి ఒకటి. నాగులచవితికి ఇంకోటి. మొన్న పున్నమికి ఇది."

చవితికీ దసరాకీ మధ్య నెల పైన. దసరా నుంచి నాగులచవితికి నెల లోపే. అక్కణ్ణుంచి పున్నమికి పదిరోజులు. స్తంభం కదలడం జోరందుకుంది. నేను వెతుకుతున్న లెక్కంతా ఆవిడ వేళ్ల మీదే ఉంది. తేదీ గాజు మీద రాసుంటే మార్చిన సంగతి తెలిసేది, స్తంభం మీద రాశాను. తప్పు నాదే.

"అందరూ బయటికి రండి!" అని అరిచాను.

"ఏటి సార్, అన్నం తిననివ్వరా?" అని నవ్విన కళాసీని రెక్క పట్టుకుని లాగాను.

వీధిలో నిలబడ్డాం. సాయంత్రం దాకా ఏమీ కాలేదు. ఊరికే బెదరగొట్టేరని షావుకారు విసుక్కున్నాడు. పొద్దు వాలింది. ఆవిడ ప్రమిద వెలిగించుకుని, "దీపం పెట్టేసి వత్తాను" అంటూ గుమ్మం దాకా వెళ్లింది. నేను చేతులు అడ్డం పెట్టాను.

అప్పుడు లోపల ఏదో టప్పున విరిగింది. వెంటనే మేడంతా కూలింది. దుమ్ము మా మీదికొచ్చింది. ఆవిడ చేతిలో దీపం ఆరిపోయింది.

ఆవిడ అంది: "పగిలిన అద్దం మంచిది కాదని సెప్పేను కదా బాబూ."

నేను సంతకం పెట్టిన కాగితం ఇంకా నా జేబులోనే ఉంది.