దుప్పటి తడిసేదాకా

ఇవాళ మధ్యాహ్నం వార్డులో ఒక పసివాడిని చూడ్డానికి వంగితే నా తెల్లకోటు వెచ్చగా తడిసింది. గుప్పున ఉచ్చ వాసన. విరేచనాలతో పొద్దున్నే చేరిన పిల్లవాడు. వాళ్లమ్మ హడలిపోయి, "ఓలమ్మా, కోటంతా పాడుసేసినాడు మేడమ్" అంటూ కొంగుతో తుడవబోయింది. "పోనీలేమ్మా" అన్నాను. ఎండాకాలమంతా నేను ప్రాణాలు ఉగ్గబట్టుకుని ఎదురుచూసేది ఈ వాసన కోసమే. ఆ ఎదురుచూపు నాకు సుగుణ మేడమ్ నుంచి వచ్చింది.

చదువు అయ్యాక నేను మొదట చేరింది పలాసలో ఆవిడ నడిపే పిల్లల ఆసుపత్రిలో. పొట్టి మనిషి, మాట కరుకు. ఆవిడ ఎత్తుకోగానే పిల్లలు ఊరుకునేవారని అబద్ధం చెప్పను, ఇంకా గుక్కపట్టేవారు. "ఏడవనీ. ఏడవని పిల్లంటేనే నాకు భయం" అనేవారు. జ్వరమైనా, దగ్గైనా, విరేచనాలైనా స్టెతస్కోపు తీయకముందే తల్లిని ఒకటే అడిగేవారు, ఉచ్చ ఎప్పుడు పోశాడని.

ఒక మే నెల మధ్యాహ్నం ఉద్దానం పల్లె నుంచి పార్వతి అనే ఆమె ఏడాది కొడుకుని భుజాన వేసుకుని వచ్చింది. నీళ్ల విరేచనాలు. కళ్లు గుంటలు పడ్డాయి. మేడమ్ వాడి పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలారు. ముడత అలాగే నిలిచిపోయింది. వాడు ఏడవలేదు.

"ఉచ్చ ఎప్పుడు పోసినాడమ్మా?"

"రేతిరి నుంచి నేదు మేడమ్."

"నీల్లు పట్టినావా?"

"నోరు తడిపినానంతే. ఆల నాన్నకి కిడ్నీలు పోనాయి, డయాలసిస్ సేత్తన్నారు. నీల్లు కొలిసి తాగమన్నారు పెద్ద డాకటర్లు. ఈడికీ ఆ జబ్బు రాకూడదని నీల్లు తగ్గించినాను."

మాదీ కిడ్నీ జబ్బులు పీడించే ఆ ఉద్దానమే. మా నాన్న పోయింది కూడా ఆ జబ్బుతోనే. ఎండిన పెదాలతో ఆయన ఇంకో గుక్క అడిగితే మా అమ్మ మొహం తిప్పుకునేది.

మేడమ్ తాగడానికి పోసుకున్న నీళ్ల గ్లాసు బల్ల మీదే వదిలేసి, దొరకని నరం కోసం వెతికి వెతికి సూది ఎక్కించారు. సెలైన్ లోపలికి పోతూనే ఉంది. వాడు కళ్లు తెరిచాడు, అయినా కింద దుప్పటి పొడిగానే ఉంది. పార్వతి మాటిమాటికీ దాన్ని తడిమి చూస్తోంది. "ఆల నాన్నకీ ఇలాగే ఉచ్చ ఆగిపోనాది మేడమ్" అంది.

"వీడి కిడ్నీలు కూడానా?" అని మేడమ్ చెవిలో అడిగాను.

"తెలీదు. రక్తం పరీక్షకి పంపాను. నాకూ భయంగానే ఉంది. భయపడుతూనే ఆ డ్రిప్ చూసుకో అమ్మాయ్."

ఆవిడకీ భయమేనని వినేసరికి నాకు ఉన్న కాస్త ధైర్యం కూడా జారిపోయింది. మేడమ్ మాత్రం ఓఆర్ఎస్ కలిపి మంచం మీద పార్వతి పక్కన కూర్చున్నారు.

"ఆయనకి నీల్లు బయటికి పోవు, అందుకని తగ్గించమన్నారు. ఈడికి ఉన్నవన్నీ పోనాయి, మనం పొయ్యాల. చెంచా నువ్వే పట్టు."

"నా సేత్తో పట్టలేను మేడమ్. ఏటైనా అయితే?"

చెంచా పిల్లవాడి పెదవుల దగ్గరే ఆగిపోయింది. మేడమ్ తన చేతిని ఆ చేతి మీద వేశారు. మొదటి చెంచా అలా ఇద్దరూ కలిసి పట్టారు. వాడు మింగాడు, ఇంకా కావాలని నోరు తెరిచాడు. పార్వతి కళ్లు తుడుచుకోకుండానే రెండో చెంచా పట్టింది.

పొద్దు వాలింది. కిటికీలోంచి జీడిగింజలు కాలుస్తున్న వాసన వస్తోంది. అప్పుడు "మేడమ్!" అని కేక పెట్టింది పార్వతి. మేడమ్ పరుగున వచ్చి తడిసిన దుప్పటి మీద అరచెయ్యి ఆనించారు, ఆ చెయ్యి వాసన చూసుకుని "ఉచ్చే" అన్నారు. తర్వాత చేతులు కడుక్కుని, మధ్యాహ్నం నుంచి బల్ల మీదే ఉన్న గ్లాసు ఎత్తి గటగటా తాగేశారు. చెయ్యి ఎంత వణికిందంటే సగం నీళ్లు చీర మీదే పోయాయి.

మేడమ్ ఇప్పుడు లేరు. అనుభవం వస్తే భయం పోతుందనుకున్నాను, పోలేదు. ఇవాళ కూడా కోటు విప్పి, చేతులు కడుక్కుని నా బల్ల దగ్గరికి వెళ్లాను. పొద్దున తెచ్చుకున్న నీళ్ల సీసా నిండుగా అలాగే ఉంది. మూత తిప్పుతుంటే చేతులు వణికాయి.