బేసిన్‌లో నీళ్లు

కుందుర్పిలో మా పాత కారుకు నీళ్ల పంపు నేనే ఒంటిచేత్తో మార్చానని ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నాను. మార్చింది ఆ ఊళ్లో ఆయిలింజన్లు బాగుచేసే మేస్త్రి, తన షెడ్డులో. ఆ రోజు నా భార్యకు నొప్పులు మొదలయ్యాయి, అనంతపురం ఆసుపత్రికి పోవాలి, పాత పంపేమో కారిపోతోంది.

బావులన్నీ ఎండిన ఏడాది అది. రేడియేటర్ నీళ్లను చుక్క పోకుండా బేసిన్‌లో పట్టి, తలగుడ్డతో వడగట్టి మళ్లీ పోయడం మేస్త్రి అలవాటు. ఆయన బావి నీళ్లు తోడే పాత కపిల తోలు కోసి కొత్త పంపుకు వాషరు చేస్తుంటే, నేను చుట్టూ తిరుగుతున్నాను.

"ఇంకెంతసేపప్పా? ఆయమ్మ కార్లో అరుస్తాండాది!"

"తొందర నీకా అన్నా, బండికా?" అన్నాడు తలెత్తకుండా. ఎవరికైనా ఆయన జవాబు అదే.

అంతలో నా కాలు తగిలి బేసిన్ బోర్లాపడింది. నీళ్లన్నీ నేల తాగేసింది.

తిడతాడనుకున్నాను. "ఈడే కూచో. కాలు కదిలించొద్దు," అని ఇంటికి పోయి, తాగే నీళ్ల కడవ భుజాన మోసుకొచ్చి రేడియేటర్‌లో వంచాడు. "ఇంక తొందరపడు, పో," అన్నాడు.

వాళ్లింట్లో ఆ రోజుకు ఉన్నది ఆ ఒక్క కడవేనని తర్వాత తెలిసింది.

మా అమ్మాయి అనంతపురంలో క్షేమంగా పుట్టింది. ఆ పిల్లకీ నా గొప్పే చెప్పాను. ఆ రోజు నేను చేసిన పని బేసిన్ తన్నడం ఒక్కటే.