తొండం చాపని ఈగలు

మా జువాలజీ మేడం పోయిన్రు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సుల పోతుంటే ఆమె బిడ్డ ఫోన్ చేసింది. ఏడ్సుకుంట ఒక్కటే మాట: "అక్కా, అమ్మ ఆకలితోని పోయింది. ఆఖరికి ముద్ద ముట్టలే." నాకు గుండెల రాయి పడ్డట్టయింది. తన టిఫిన్ డబ్బా మా ముందట పెట్టి తినమన్న మనిషి ఖాళీ కడుపుతోని పోవుడేంది?

మీరు నవ్వుతరేమో గని, కాలేజీల మాకు ఆకలంటే ఏందో చెప్పింది మేడం పెంచిన పండ్ల ఈగలు. మక్కపిండి, బెల్లం ఉడికిచ్చి సీసాలల్ల పోసేటోరు. ల్యాబంత పండుగ ఇంటి వాసన. ఈగలు కాళ్లతోని సుత రుచి చూస్తయి. ఆకలిగొన్న ఈగ కాళ్లకు చక్కెర నీళ్లు తాకిస్తే తొండం చాపుతది. అది చూడాలంటే ముందురోజు వాటిని ఉత్త నీళ్ల మీద ఉంచాలె.

ఒకసారి అట్ల ఉంచితే, ల్యాబ్ ఊడ్చే లింగంపేట అవ్వకు పానం ఒప్పలే. ఆ సోమవారం ఆమెకు ఒక్కపొద్దు. "నేను పస్తుండేది దేవుని కొరకు, ఇవి ఎవరి కొరకు?" అనుకుంట సీసాలల్ల ఇంత బెల్లం వేసింది. తెల్లారి మేం ఎంత తాకిచ్చినా ఒక్క ఈగ తొండం చాపలే. సంగతి తెలిసి మేడం కోపం చెయ్యలే, కండ్ల నీళ్లొచ్చేదాక నవ్విన్రు.

"మంచిగైంది అవ్వా, ఇయ్యాల పాఠం నువ్వే చెప్పినవ్. అడిగేది ఒళ్లే, వద్దనేది ఒళ్లే. నోరు ఉత్త తలుపు."

బస్సు దిగి మేడం ఇంటికి పోయి ఆమె బిడ్డ పక్కన కూసున్న. ఆఖరి పొద్దు పెదవులకు బెల్లం నీళ్లు తాకిస్తే అమ్మ నోరు మూసుకొని, మెల్లగ మొఖం తిప్పుకున్నదట. ఇగ ఆమెకు ఆకలి కాదని డాక్టర్ చెప్పినా తనే నమ్మలేదట. నేను ఈగల ముచ్చట చెప్పిన. బలం ఖర్చు చేసుడు బందైన ఒళ్లు అడుగుడు సుత బందు చేస్తదని, అమ్మ ఆకలితోని పోలేదని చెప్పిన. ఆమె పెద్దగ ఊపిరి తీసుకున్నది. నా గుండెల రాయి సుత దిగింది. ఆ పొద్దు ఇద్దరం ఒక్క తాంబాలంల తిన్నం.

మూడోనాడు మేడం పేరు మీద పిట్టకు ముద్ద పెట్టినం. మేడంకు ఇష్టమని విస్తరిల మాగిన అరటిపండు ఉంచినం. కాకి రాకముందే చిన్న ఈగలు వచ్చి వాలినయి. మాతోని వచ్చిన లింగంపేట అవ్వ కొంగుతోని కొట్టబోతే మేడం బిడ్డ ఆమె చెయ్యి పట్టుకున్నది.

"ఉండనీ అవ్వా. తిననీ."